నాలుగు కన్నాల ఇత్తడి

పదకొండున్నాయి నా దగ్గర.
లెక్కపెట్టేది నేను కాదు, మా ఆవిడ.
బీరువా తుడిచినప్పుడల్లా
"నీ పదకొండు మంది రౌడీలూ క్షేమం" అంటుంది.

మొదటిది వన్‌టౌన్‌లో, పాత సామాన్ల కొట్టులో దొరికింది
విరిగిన కుళాయిలకీ మూత లేని మరచెంబుకీ మధ్య.
ఇమాందీన్ త్రాసులో పడేసి
"నూట ఎనభై గ్రాములు" అన్నాడు.
కుళాయి రేటే దానికీ.
ఇత్తడికి గతం ఉండదు బాబూ, బరువే.
చింతపండు పెట్టి తోమితే బంగారంలా నవ్వింది.
చూపుడువేలి కన్నం పక్కన మాత్రం
ఓ నల్లమచ్చ పోలేదు.
చింతపండుకీ లొంగని నలుపేమిటో
నేను అడగలేదు, అది చెప్పలేదు.

తర్వాత అలవాటైంది.
కృష్ణలంకలో ఖాళీ చేస్తున్న హాస్టల్ గదుల్లో రెండు,
బీసెంట్ రోడ్డు ఆదివారాల్లో మూడు.
ఒకటి అల్యూమినియంది, సైకిల్ పెడల్ కరిగించి పోసింది.
ఒకదాని మీద మేకుతో చెక్కిన పేరు,
అరగ్గా అరగ్గా "రావు" ఒక్కటే మిగిలింది.
బెజవాడలో ఏ రావని వెతకను?

భయమేసి ఓ రోజు
రెండింటిని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని
గవర్నర్‌పేట, వకీలు నరహరి గారి మేడెక్కాను.
ఎర్ర అట్ట పుస్తకం తీసి ఆయన
"కత్తికైతే కొలతుందయ్యా, ఇన్ని అంగుళాలని.
దీనికి అంచేదీ? మొనేదీ?
పేరు పెట్టి రాయలేదు కనక తప్పనలేను,
రాయలేదు కనక వదిలేస్తారనీ అనలేను.
అద్దాల బీరువాలో ఉంటే వస్తువు.
రాత్రి పదింటికి జేబులో ఉంటే ఉద్దేశం.
మధ్యలోదంతా ఎస్సై గారి మూడు."
ఇది చెబుతుండగానే
ఆయన వేళ్లు వాటంతటవే కన్నాల్లోకి దూరాయి.
ఫీజు తీసుకోలేదు.

పాస్‌పోర్టు ఎంక్వైరీకొచ్చిన కానిస్టేబుల్ కోటిలింగం
ఏంటండీ ఇవి అన్నాడు.
పాత తలుపు పిడులండీ, అంది మా ఆవిడ.
తొడుక్కుని, గాలిని ఓ గుద్దు గుద్ది,
కాఫీ తాగి,
గుమ్మం దాటుతూ
"పిడులకి తలుపులు దొరికితే కబురు పెట్టండి" అన్నాడు.

అందరూ అంతే.
ముందు గాజులమ్మి దగ్గర చెయ్యి చాపినంత మెత్తగా,
తర్వాత పిడికిలి.
వేళ్లు దూర్చి, బిగించకుండా తీసినవాణ్ణి
నేనింకా చూడలేదు.
నేను మాత్రం తొడుక్కోను. అది నా నియమం.

ఆటోనగర్‌లో నాగుల్ మీరాకి చూపించాను, అతుకు ఊడిందని.
లేతు ఆపేశాడు.
కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, గోటితో తడిమి
"ఈ ఆకురాయి గీత నాదే" అన్నాడు.
కాలేజీ ఎలక్షన్ల ఏడాదట.
పద్దెనిమిది చేశాడట, ఒక్కోటీ ముప్ఫై రూపాయలు.
కొలతలు ఎవడిస్తాడు సార్,
నా చేతికే చేశా అన్నీ.
ఈ లేతుకి అడ్వాన్సు ఆ డబ్బే.
ఎవడి పళ్లు రాలాయో పేపర్లో చూసేవాణ్ణి,
తర్వాత పేపరు మానేశా.

తొడుక్కోబోయాడు.
కీళ్లవాతం. నడిమివేలు రెండో కణుపు దగ్గర ఆగిపోయింది.
గ్రీజు రాశాడు. ఊహూఁ.
తన చేతికే పట్టని తన చేతి కొలతని
కాసేపు అరచేతిలో తూచి
"కరిగించెయ్యమంటారా?" అన్నాడు.
నేను ఏమీ అనలేదు.
అతుకు వేసి ఇచ్చాడు.

నా బీరువాలో అతనివి నాలుగు.
మిగతా పద్నాలుగూ
ఏ అటక మీదో, ఏ మేస్త్రి పెట్టెలోనో,
ఏ కాలవ అడుగున బురదలోనో
ఎవరి వేళ్ల కోసమో నోళ్లు తెరుచుకుని.

ఆ రాత్రి నిద్ర పట్టక
అద్దం తలుపు జరిపాను.
అతుకు సరిగా కూర్చుందో లేదో చూద్దామని, అంతే.
నాకు కొలిచి చేసినట్టుంది.

మా ఆవిడ లైటు వేసి
ఏం చేస్తున్నావంది.
లెక్కపెడుతున్నా అన్నాను
పిడికిలి విప్పకుండా.